అక్క చేతి గీతలు

పొద్దున్నే గది తలుపులు తీసినవాళ్ళు ముందుగా చేయాల్సిన పని నీళ్ళు కాచడం. తర్వాత తువ్వాళ్ళు ఉడకబెట్టి పిండాలి. దువ్వెనలు మందు నీళ్ళలో ముంచాలి. నిన్నటి వెంట్రుకలు ఏ మూలైనా దాక్కున్నాయేమో వంగి చూసి ఊడ్చాలి. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే పొడుగాటి గది అది. కింద సుత్తి దెబ్బ పడినప్పుడల్లా పైన అద్దాలు సన్నగా వణికేవి. కిటికీ వారగా ప్లాస్టిక్ తలలు వరసగా ఉండేవి. ఎవరి కత్తెర చలవో గానీ వాటిలో ఒకదానికి సగం బుర్ర బోడి అయిపోతే, పాపం దానికి మొహమాటంగా ఉంటుందని పిల్లలు రుమాలు కట్టారు. అది ఆ రుమాలుతోనే స్థిరపడిపోయింది.

ఆ చిన్న సింగారాల బడిలో ముందు జుట్టు, ఆ తర్వాత ముఖం, చివర్న చేతులు నేర్పేవారు. చేతులు నేర్పే మేడమ్ రాగానే బల్ల మీది గిన్నెలన్నింటిలో మోచెయ్యి ముంచి చూసేది. "గోరువెచ్చగా ఉండాలమ్మా. కాలకూడదు, చల్లారకూడదు," అనేది. రోజూ అదే మాట కాబట్టి పిల్లలు ఆమెకు గోరువెచ్చ మేడమ్ అని పేరు పెట్టేశారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలియనట్టే ఉండేది.

ఆ తరగతిలో అందరికంటే ఆఖరున పని ముగించే అమ్మాయిని నిదానం అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమె అక్క. తిట్టుగా పెట్టలేదు, ముద్దుగానే పెట్టింది గానీ, బడికి వచ్చాక అది కాస్తా తిట్టుకి దగ్గరయింది. పక్క కుర్చీలో పనిచేసే అమ్మాయి తుర్రు. పేరుకు తగ్గట్టే తుర్రు రెండు చేతులూ పూర్తిచేసి, బల్ల తుడిచి, కస్టమర్‌తో కబుర్లాడి, ఆమెను మెట్ల దాకా సాగనంపి వచ్చేసరికి, నిదానం ఇంకా మొదటి చేతి చిటికెన వేలి దగ్గరే ఉండేది. ఆకురాయి ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు. ఊది చూసుకోవడం. మళ్ళీ ఒక్కసారి అటు.

"నీ దగ్గరికొచ్చిన మనిషికి ఇటు గోరు తీస్తుంటే అటు పెరుగుతోందే," అనేది తుర్రు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఈ పనిలో నిదానం మంచిది కాదు. చేతులు నానాల్సినదానికంటే ఎక్కువసేపు నానితే గీతలు ఊడి వస్తాయి కదా. ముందు చిన్నాచితకా గీతలు వదులవుతాయి. తర్వాత పెద్దవి కూడా ఒక కొస లేపి, మెల్లగా అరచేతిని వదిలి, నీళ్ళ మీద తేలతాయి. దారప్పోగుల్లాగే ఉంటాయి, కాకపోతే దారానికి లేని వెచ్చదనం వాటికి ఉంటుంది. అప్పుడు కంగారు పడకూడదు. సన్న పుల్లతో ఒక్కోదాన్నీ ఎత్తి, నీళ్ళు చల్లారేలోపు దాని గాడిలో దాన్ని పెట్టి, వేడి తువ్వాలుతో అదమాలి. గోళ్ళకు రంగు పూయడం కంటే ముందు నేర్పేది ఇదే. రంగు సరిగ్గా రాకపోతే చెరిపి మళ్ళీ పూయొచ్చు.

తుర్రు ఒకసారి తొందరలో రెండు గిన్నెలు కలగాపులగం చేసింది. ఒకాయన బస్సు కండక్టరు, ఇంకొకాయన దర్జీ. ఆ వారమంతా కండక్టరు బస్సెక్కిన ప్రతివాడి భుజాలూ చూపుతోనే కొలిచి, చేతులు ఎంత పొడుగు పెట్టమంటారని అడిగాడు. దర్జీ చొక్కా కొలతలకని వచ్చినవాళ్ళను లోపలికి, ఇంకా లోపలికి జరగమన్నాడు. మేడమ్ ఇద్దర్నీ పిలిపించి, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఎవరివి వాళ్ళకు పెట్టించింది. వాళ్ళేమీ అనుకోలేదు. తుర్రు మాత్రం రెండు రోజులు మాట్లాడటం మానేసింది, అదే అందరికీ వింతగా అనిపించింది.

ఇంకో నియమం కూడా ఉంది. గీతల సంగతి కస్టమర్ దగ్గర ఎత్తకూడదు. ఏది దేని గీతో పనిచేసేవాళ్ళకు తెలియాలి, అంతే. బొటనవేలి చుట్టూ తిరిగేది ఆయుష్షుది, దాని జోలికి పోకూడదు. పైన అడ్డంగా ఉండేది మమకారానిది, మధ్యది బుద్ధిది. మణికట్టు నుంచి పైకి వెళ్ళేదాన్ని మేడమ్ దారి గీత అనేది. చాలామందికి అది చేతి మధ్య దాకా వచ్చి లోపలికి తిరుగుతుంది. వాళ్ళు ఉన్నచోటే ఉంటారు. కొందరికి చేతి అంచు దాటి పోతుంది. వాళ్ళు వెళ్ళిపోతారు.

"చెప్పారనుకోండి, బేరాలు మొదలవుతాయి," అనేది మేడమ్. "కొంచెం పొడుగ్గా పెట్టమ్మా, కాస్త ఇటు లాగమ్మా అంటారు. మనం గోళ్ళు చేసేవాళ్ళం. ఎలా ఉన్నది అలాగే పెట్టి పంపాలి."

నిదానం ఈ బడిలో చేరింది అక్క కోసం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా.

అమ్మానాన్నలు పోయినప్పుడు అక్క ఇంకా చిన్నపిల్లే. అప్పుడే హోటళ్ళ దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరింది. ఆ రోజుల్లో అక్కడ చేతులకు రబ్బరు తొడుగులు ఉండేవి గానీ, అవి పెద్దవాళ్ళ కొలతకి ఉండేవి. అక్క చేతులకు అవి నిలిచేవి కావు. అందుకని ఆమె సోడా నీళ్ళలో, మరిగిన నీళ్ళలో ఒట్టి చేతులే పెట్టింది. చేతులు పెరిగి తొడుగులు సరిపోయే నాటికి అరచేతుల్లో ఒక్క గీత కూడా మిగల్లేదు. తోమి బోర్లించిన పళ్ళెంలా నున్నగా అయిపోయాయి. ఎప్పుడు పోయాయో ఆమె చూసుకోలేదు. ఉతికిన నీళ్ళతో పాటు కాలవలోకి పోయి ఉంటాయని అందరూ అనుకున్నారు. అక్క కూడా అదే అనుకుంది.

గీతలు లేకపోవడం వల్ల అక్క జబ్బు పడలేదు, దిగులు పడలేదు. ఆమెకు ఏదీ జరిగేది కాదు, అంతే. అజమాయిషీ పని అప్పజెబుతామని పిలిచిన మేనేజరు, ఆమె లోపలికి రాగానే, "ఏమ్మా, ఏం కావాలి?" అని అడిగాడు. వరసలో నిలబడితే ముందువాళ్ళూ వెనకవాళ్ళూ ఆమెను దాటుకుని కలిసిపోయేవారు. ఇల్లు మారదామని అనుకున్న ప్రతిసారీ ఆ కొత్త ఇంటివాళ్ళు మనసు మార్చుకునేవారు. ఇదంతా అక్క సాయంత్రం పూట నవ్వుతూ చెప్పేది. నిదానం ఆ నున్నటి చేతులకు క్రీము రాస్తూ వినేది. నవ్వేది కాదు.

అన్నింటికంటే పెద్ద కథ వ్యానాయనది. మురికి దుప్పట్ల మూటలు తెచ్చి దించి, ఉతికినవి ఎక్కించుకుపోయే వ్యాను డ్రైవరు ఆయన. కాస్త బట్టతల, మర్యాదస్తుడు. మూటలు దించాక టోపీ తీసి, నేరుగా అక్క దగ్గరికి వచ్చేవాడు. "మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండీ," అనేవాడు. ఆ తర్వాత నోరు తెరిచి అలాగే నిలబడిపోయేవాడు. నీళ్ళు నమిలేవాడు. "ఇప్పటిదాకా గుర్తుంది. సరేలెండి, ఈసారి వచ్చినప్పుడు అడుగుతాను," అని వెళ్ళిపోయేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

"ఇవాళ చేతిరుమాలుకి ముడేసుకుని వచ్చాడే, గుర్తుండాలని," అని ఒక సాయంత్రం అక్క చెప్పింది. "తీరా నా దగ్గరికొచ్చాక ఆ ముడి ఎందుకేశాడో నన్నే అడిగాడు."

"నువ్వేమన్నావ్?"

"విప్పి ఇచ్చాను." అక్క నవ్వి, కాసేపు ఆగి, మామూలు గొంతుతోనే అంది, "ఈ నెలాఖరుకి మారిపోతాడట. సముద్రం వైపు ఏదో ఊళ్ళో ఇలాంటిదే కొత్తగా పెట్టారట, అక్కడికి వేశారు."

నిదానం క్రీము రాయడం ఆపింది. అక్క ఆ మాట అన్నాక తన అరచేతుల్ని తిప్పి చూసుకుంది. అలా చూసుకోవడం నిదానం ఎప్పుడూ చూడలేదు.

ఆ మర్నాడు నిదానం మేడమ్ దగ్గరికి వెళ్ళి, గీతలే లేని చేతికి కొత్తగా పెట్టొచ్చా అని అడిగింది.

"ఎక్కడి నుంచి తెస్తావు?" అంది మేడమ్. "ఎవరివి వాళ్ళకే బొటాబొటి."

"మన దగ్గర మిగిలినవి?"

"మిగలకూడదనే కదమ్మా మీకు ఇంత నేర్పుతున్నది."

అయినా తరగతి అయ్యాక నిదానం నీళ్ళు పారబోసే తొట్టి దగ్గర జల్లెడలో వేళ్ళు పెట్టి వెతికేది. వెంట్రుకలు, గోటి ముక్కలు, ఒకసారి ఎవరిదో చెవి దుద్దు దొరికాయి. గీత దొరకలేదు. కుర్చీలో నిద్రపోయిన కస్టమర్ల చేతుల్లోంచి పొడుగాటి గీతలు తేలినప్పుడు, ఒక కొస తుంచితే వీళ్ళకేం తక్కువవుతుంది అని ఆమెకు అనిపించిన మాట నిజం. పుల్లతో ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయేది. మళ్ళీ గాడిలో పెట్టేసేది. ఒక ఆదివారం ఇంట్లోనే తన చెయ్యి గిన్నెలో పెట్టుకుని, నీళ్ళు కాచి పోసుకుంటూ కూర్చుంది. తన దారి గీత కొస లేచే సమయానికి అక్క వచ్చి చూసింది. ఏం జరుగుతోందో ఒక్క క్షణంలో అర్థమైంది ఆమెకు. చెల్లెలి చెయ్యి బయటికి లాగి, గుప్పిట మూసి, ఆ గుప్పిటను తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"ఇంకోసారి ఇలాంటి పని చేశావంటే బడి మాన్పిస్తాను," అంది. అక్క కోప్పడటం అరుదు. నిదానం ఏడ్చేసింది. అక్క గుప్పిట వదల్లేదు.

నెలాఖరు దగ్గరపడింది. పరీక్ష కూడా అప్పుడే. ఎవరి కస్టమర్‌ను వాళ్ళే వెంట తెచ్చుకోవాలి. నిదానం రొట్టెల దుకాణం ఆవిడను ఒప్పించుకుంది. తీరా ఆ పొద్దున ఆవిడకు జ్వరమని కబురొచ్చింది. అక్క ఏమీ అనకుండా చెప్పులేసుకుని, "పద, నేనొస్తాను," అంది. పనికి ఎగనామం పెట్టడం అక్క జీవితంలో అదే మొదటిసారి. ఆ రోజు ఆమె రాలేదని అక్కడ ఎవరూ గమనించలేదు కూడా.

పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ పొడుగ్గా, సన్నగా, మెడలో గొలుసుకు కళ్ళజోడు వేలాడేసుకుని ఉంది. బల్లల మధ్య నడుస్తూ ఒక్కో కస్టమర్ చెయ్యి తిప్పి చూస్తోంది. అక్క తన చేతులు ఒళ్ళో దాచుకుంది. నిదానం మెల్లగా వాటిని తీసి బల్ల మీద పెట్టింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. "గీతలేవి?"

"లేవండి," అంది అక్క, తప్పు తనదే అయినట్టు.

"గీతలు లేని చేతికి నేనేం పరీక్ష పెట్టను?"

గోరువెచ్చ మేడమ్ అడ్డుపడింది. చేతికి గోళ్ళున్నాయి కదా, వాటినైనా చూడమంది. పరీక్షావిడ కాసేపు ఆలోచించి, "చెయ్యనివ్వండి. గీతల మార్కులు మాత్రం పోయినట్టే," అంది. ఆ మార్కులు పోతే గట్టెక్కడం కష్టమని అందరికీ తెలుసు. తుర్రు తన పని ఆపకుండానే నిదానం వైపు జాలిగా చూసింది.

నిదానం మాత్రం ఊపిరి పీల్చుకుంది. ఊడి వచ్చేవి లేనప్పుడు తొందరెందుకు? జీవితంలో మొదటిసారి ఎవరి చేతినైనా తనకు నచ్చినంతసేపు నానబెట్టొచ్చు. గిన్నెలో నీళ్ళు పోసి, మోచెయ్యి ముంచి చూసి, అక్క చేతులు రెండూ అందులో పెట్టింది.

"వేడిగా ఉందా అక్కా?"

"లేదే. బాగుంది." అక్క కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. ఏ క్షణానైనా ఎవరో లేచి పనిచూసుకోమంటారన్నట్టు కూర్చుంది. కాసేపటికి వెనక్కి వాలింది. "నీళ్ళలో చేతులు పెట్టి ఊరికే కూర్చోవడం ఇదే మొదటిసారే," అంది నెమ్మదిగా.

నిదానం తల ఎత్తలేదు. ఇన్ని రోజులుగా ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ నానబెట్టింది, ఇంట్లో ఉన్న ఈ చేతులకు క్రీము రాయడమే తప్ప ఒక్కసారైనా ఇలా కూర్చోబెట్టిందా? నీళ్ళు చల్లారగానే మార్చింది. మళ్ళీ చల్లారితే మళ్ళీ మార్చింది. తెల్లగా ఉబ్బిన చర్మాన్ని గరుకు రాయితో రుద్దింది. వేలి మొదళ్ళ దగ్గర, మణికట్టు కింద, సోడాకి గట్టిపడిన చోటల్లా పొర మీద పొర నెమ్మదిగా తీసింది. చుట్టుపక్కల ఒక్కొక్కరే రంగులు పూసి, ఊది, ఆరబెట్టి, లేచి వెళ్ళిపోయారు. తుర్రు కస్టమర్ కూడా వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చి, గిన్నె దాకా పాకింది. అక్క నిద్రపోయింది. కింద సుత్తి ఆగి ఆగి మోగుతోంది, అద్దాలు వణుకుతున్నాయి, అద్దాల్లో ఎండ కూడా వణుకుతోంది.

నీళ్ళ మీద తువ్వాలు పోగు ఒకటి కనిపించింది. తీసి పారేద్దామని నిదానం పుల్ల పెట్టి లాగింది. అది రాలేదు. రెండో కొస అక్క అరచేతిలో ఉంది.

ఆమె అరవలేదు, ఎవర్నీ పిలవలేదు. పుల్ల వదిలేసి కాస్త వేడినీళ్ళు కలిపి, అక్క అరచేతి మధ్యలో బొటనవేలితో గుండ్రంగా రుద్దుతూ కూర్చుంది. ఇంకో కొస లేచింది. ఆ తర్వాత ఇంకోటి. సన్నగా, పాలిపోయి, ఇన్నేళ్ళూ వెలుతురు చూడని వాటిలా ఒక్కొక్కటే తేలాయి. అన్నింటికీ ఒకటే వెచ్చదనం ఉంది.

గోరువెచ్చ మేడమ్ ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో తెలియదు. "కాలవలోకి పోలేదన్నమాట," అంది. "లోపలికి దిగిపోయాయి. పైన చర్మం గట్టిపడి మూసేసింది."

పరీక్షావిడ కూడా వచ్చి వంగి చూసింది. "ఇంతసేపు ఎవరూ నానబెట్టరు," అంది. మెచ్చుకుందో తప్పు పట్టిందో చెప్పడం కష్టం. "ఇప్పుడిక పెట్టాల్సిందే. నీళ్ళు చల్లారుతున్నాయి."

నిదానం పుల్ల అందుకుంది. ఆయుష్షు గీత తన చోటు తనే వెతుక్కున్నట్టు వెళ్ళి సర్దుకుంది. బుద్ధి గీతా అంతే, రుద్దిన చర్మం కింద దాని గాడి సన్నగా కనిపించింది. మమకారం గీత ఎంత పొడుగుందంటే దాన్ని రెండుసార్లు ఎత్తి పెట్టాల్సొచ్చింది. ఆఖరున దారి గీత మిగిలింది. దానికి గాడి లేదు. అక్క చేతిలో దారి ఏర్పడక ముందే, ఇంకా పిల్లగా ఉన్నప్పుడే అది మునిగిపోయింది. మణికట్టు దగ్గర మొదలు ఉంది, ఆపైన ఎటు చూసినా ఒకటే నున్నటి చర్మం. లోపలికి తిప్పినా అమరుతుంది, అంచు దాకా లాగినా అమరుతుంది.

నిదానం పుల్ల మీద ఆ గీతను పట్టుకుని కూర్చుంది. ఎలా ఉన్నది అలాగే పెట్టాలన్నారు. ఎలా ఉందో ఎవరికి తెలుసు?

"అక్కా," అంది. "లే అక్కా."

అక్క కళ్ళు తెరిచింది. తన చేతిని చూసుకుంది.

"ఇదొక్కటి మిగిలింది. ఎటు పెట్టను?"

పరీక్షావిడ గట్టిగా గొంతు సవరించుకుంది. "కస్టమర్‌తో గీతల మాట మాట్లాడకూడదు. నీకు తెలుసు కదా?"

"తెలుసు మేడమ్," అంది నిదానం, అక్క మొహం మీంచి చూపు తిప్పకుండా.

"ఎటు పెడితే ఏమవుతుందే?" అని అడిగింది అక్క.

"ఇలా లోపలికి తిప్పితే ఇక్కడే ఉంటావు. ఇప్పట్లా కాదులే, అన్నీ జరుగుతాయి. అందరూ నిన్ను చూస్తారు. బాగుంటావు. ఇటు అంచు దాకా పెడితే వెళ్ళిపోతావు."

"ఎక్కడికి?"

"అది గీతలో ఉండదు."

"మరి నువ్వు?"

"నేనా? నేనిక్కడే ఉంటాను."

అక్క మళ్ళీ చేతి వైపు చూసింది. నీకేది ఇష్టమని ఇంతవరకూ ఆమెను అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఎలా జవాబు చెప్పాలో కూడా ఆమెకు అలవాటు లేదు. చెల్లెలి చేతిలోని పుల్లను చూసింది, కిటికీని చూసింది.

"అంచు దాకా పెట్టవే," అంది.

నిదానం ఈ జవాబు అనుకోలేదు. వద్దంటుందనుకుంది. నిన్నొదిలి నేనెక్కడికి పోతానే, లోపలికి తిప్పెయ్ అంటుందనుకుంది. ఆ ధైర్యంతోనే అడిగింది. ఇన్నేళ్ళూ ప్రతి విషయంలో చెల్లెలికేం కావాలో చూసుకున్న అక్క ఈ ఒక్కటీ తనకోసం కోరుకుంది. ఇంత కోరిక ఆ చేతుల్లో ఎక్కడ దాక్కుందో, ఎన్నాళ్ళుగా దాక్కుందో.

గీత పట్టుకుని ఆమె మణికట్టు దగ్గర మొదలుపెట్టింది. చేతి మధ్య దాకా వచ్చి ఆగింది. అంచుకు ఒక్క గోరంత ముందు ఆపేసినా ఎవరికీ తెలియదు. అక్కకు కూడా తెలియదు. వెళ్దామని అనుకుంటూనే వెళ్ళలేక ఉండిపోతుంది. సాయంత్రం పూట క్రీము రాయించుకుంటూ, అదీ నవ్వుతూ చెబుతుంది. నిదానం కళ్ళు మసకబారాయి. ఆమె భుజంతో తుడుచుకుంది. తర్వాత ఆ గీతను మిగిలినంత దూరమూ తీసుకెళ్ళి, చిటికెన వేలి కింద, చేతి అంచు దాటించి పెట్టింది. మేడమ్ అందించిన వేడి తువ్వాలు చుట్టి రెండు చేతులతో అదిమింది. చల్లారాక కూడా చాలాసేపు అలాగే అదిమి పట్టుకుంది.

పరీక్షావిడ అక్క చెయ్యి తిప్పి చూసింది. వేలితో ప్రతి గీతనూ తడిమింది. "ఎక్కడా లేవలేదు," అంది. తర్వాత కళ్ళజోడు తీసేసింది. "సమయం దాటిపోయింది. కస్టమర్‌తో మాట్లాడావు. గోళ్ళకు రంగు వెయ్యనే లేదు. నేను నిన్ను గట్టెక్కించలేను."

"సరే మేడమ్."

"వచ్చేసారి కూడా నేనే వస్తాను. కాస్త తొందరగా కానిద్దువుగాని." మెట్ల దాకా వెళ్ళిన మనిషి ఆగి, తన అరచేతిని ఒకసారి చూసుకుని దిగిపోయింది.

ఇంటికి వెళ్ళేదారిలో రొట్టెల దుకాణం దగ్గర వరసలో నిలబడితే, వెనక నుంచి వచ్చినవాడు అక్కను చూసి, "మీరు ముందున్నారండీ," అని పక్కకు తప్పుకున్నాడు. అక్క కంగారుపడి తనే వెనక్కి వెళ్ళబోతే నిదానం ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ నెలలో వ్యాను ఆఖరిసారి వచ్చేనాటికి బడికి సెలవులిచ్చారు. నిదానం అక్కతో పాటు పనికి వెళ్ళి, వెనక వసారాలో ఆరిన దుప్పట్లు మడత పెట్టడంలో సాయం చేస్తోంది. హోటలు దుప్పట్లు పెద్దవి, ఒక్కరివల్ల అయ్యే పని కాదు. చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడాలి. ఒక దులుపు దులిపి, బిగించి, సగానికి మడిచి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావాలి. చిన్నప్పటి నుంచి వాళ్ళకు అది ఆటలాంటిదే.

వ్యాను వచ్చి ఆగింది. ఆయన మూటలు దించాడు. టోపీ తీశాడు. వసారా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండీ," అన్నాడు.

లోపల ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు అప్పుడే నవ్వు ఆపుకుంటున్నారు. ఆయన నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం ఆగిపోబోయాడు. అక్క దుప్పటి అంచు పట్టుకుని ఎదురు చూసింది. ఆయన మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత భయం కనిపించాయి. ఇన్నేళ్ళుగా చేజారిపోయిన మాట నాలుక మీదే ఉండేసరికి ఆయనకు ఏం చేయాలో తోచలేదు.

"నేను వెళ్ళే ఊళ్ళో ఇల్లిచ్చారు," అన్నాడు. "చిన్నదే. కిటికీ తీస్తే సముద్రం. మీరు కూడా ఉంటే బాగుంటుంది. నన్ను చేసుకుని వస్తారా అని... అదేనండీ. ఇన్నాళ్ళూ అడుగుదామనుకున్నది అదే."

ఇస్త్రీ బల్లల దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆవిరి బుసబుసమంటోంది.

"ఇంత చిన్న మాటా?" అంది అక్క.

ఆమె నిదానం వైపు తిరిగింది. చేతిలో ఉన్న అంచును చూసుకుంది. సగంలో ఉన్న పని వదిలేయడం ఆమెకు చేతకాదు. దుప్పటి బిగించి, ఎప్పటిలాగే నడిచి వచ్చి, తన చేతిలోని కొసలు చెల్లెలి చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె అరచెయ్యి నిదానం వేళ్ళకు తగిలింది. కొత్తగా పెట్టిన గీత ఇంకా కాస్త ఎత్తుగానే ఉంది. అక్క చెల్లెలి చేతిని ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంది.

"వెళ్ళు," అంది నిదానం. "మళ్ళీ మర్చిపోతాడు."

అక్క వదిలి, మెట్లు దిగి, ఆయన దగ్గరికి వెళ్ళింది.

నాలుగు కొసలూ నిదానం చేతుల్లోనే ఉన్నాయి. దుప్పటి మధ్యభాగం జారి నేలకు తగలబోయింది. ఆమె అంచును గడ్డం కింద బిగించి పట్టుకుని, మిగతాది రెండు చేతులతో పైకి తీసుకుని, ఒక్కతే మడత పెట్టడం మొదలుపెట్టింది.